అంగడి ముందు జాగా ఎవరిది?

రాయలసీమలో మండల కేంద్రమైన ఏ ఊళ్లోనైనా పంచాయతీ గదుల వయసు తెలుసుకోవడానికి రికార్డులు తిరగేయక్కర్లేదు. అంగట్లోకి మెట్లెక్కి పోతున్నామా, దిగి పోతున్నామా చూస్తే చాలు. కట్టిన కొత్తలో రోడ్డు మీంచి రెండు మెట్లు ఎక్కి లోపలికి పోయేవాళ్లు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త రోడ్డు పరుస్తూ పోతే మూడోసారికి రోడ్డూ గడపా సమానమవుతాయి. ఆ తర్వాత గది గుంతలో పడుతుంది. తొలి వాన పడగానే ఎరువుల అంగడి యజమాని గడపకు అడ్డంగా ఒక నాపరాయి నిలబెట్టి సిమెంటు మెత్తుతాడు. నీళ్లు పక్క గదికి మళ్లుతాయి. పక్కాయన ఇంకో రాయి ఎత్తుతాడు. కొన్నేళ్లకు వరసలో ఎన్ని గదులుంటే అన్ని ఎత్తుల్లో అన్ని గట్లు లేస్తాయి. కాలువ మాత్రం పూడిపోయి అట్లే ఉంటుంది. అది ఎవరి గదిలోనూ లేదు కదా.

గది లోపలికి యజమాని ఉన్నాడు, రోడ్డుకు ప్రభుత్వం ఉంది. ఈ రెంటికీ మధ్య ఉన్న పదడుగుల జాగాకు ఎవరున్నారు? పాతబడిన వ్యాపార కేంద్రాలను బాగుచేయాలన్నప్పుడల్లా ముందుకొచ్చే ప్రశ్న ఇది. దీనికి ‘ప్రజల భాగస్వామ్యం’ అనే జవాబు ముప్పై ఏళ్లుగా మన దగ్గర వినబడుతోంది. ఆ పేరుతో ఇంతవరకు జరిగిందేమిటి, దానిలో ఆలూరు లాంటి ఊరికి పనికొచ్చేదెంత అన్నదే ఇక్కడ చూడదలచింది.

బళ్లారి దగ్గరి హగరి నుంచి ఆదోని, మంత్రాలయం మీదుగా రాయచూరు వైపు పోయే 167వ జాతీయ రహదారి మీద ఆలూరు ఉంది. పేరుకు గ్రామ పంచాయతీ, చేసే పని పట్టణానిది. అసెంబ్లీ నియోజకవర్గ కేంద్రం. హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి, దేవనకొండ మండలాలు ఆ నియోజకవర్గంలోవే. పెళ్లి బట్టలకు ఆదోనికో బళ్లారికో పోయే ఇంటివాళ్లు కూడా విత్తనాలకు, మందులకు, సెల్‌ఫోన్ రిపేరుకు ఇలాంటి ఊరి బజారుకే వస్తారు. తెలుగు, కన్నడం ఒకే నోట వినబడే సరిహద్దు బజారు. వానలు మొహం చాటేసిన ఏడు పిల్లాజెల్లాతో మిరప కోతల సుగ్గికి గుంటూరు వైపు పోయే కుటుంబాలు మూటలతో ఎదురుచూసేదీ బస్టాండు చుట్టూ ఉన్న ఈ అంగళ్ల ముందే. కొనేవాళ్ల కంటే కాచుకొని కూర్చునేవాళ్లే ఎక్కువ సేపు వాడుకునే జాగా ఇది. బాగుచేసే పథకాల్లో వాళ్ల పేరు అరుదుగా వస్తుంది.

యజమానులు లేకపోవడం కంటే ఎక్కువమంది ఉండటం ఇక్కడి చిక్కు. రోడ్డు జాతీయ రహదారి విభాగానిది. గదులు పంచాయతీవి. బస్టాండు ప్రాంగణం, అందులోని స్టాళ్లు ఆర్టీసీవి. కరెంటు స్తంభం విద్యుత్ సంస్థది. యార్డు మార్కెట్ కమిటీది. వీటిలో ఏ ఒక్కరినీ అడక్కుండా ఒక వేపచెట్టు కూడా నాటలేం. అందరినీ అడిగి నాటాలంటే ఆ వానాకాలం గడిచిపోతుంది. కాబట్టి మామూలుగా జరిగేది రెండే. ఎవరూ ఏమీ చేయరు, లేదా ఒక పొద్దున జేసీబీ వచ్చి ఆక్రమణలంటూ పందిళ్లు, చప్టాలు పెరికేస్తుంది. నెల తిరిగేసరికి మళ్లీ పాత పందిళ్లే లేస్తాయి, ఈసారి ఇంకాస్త నాసిరకం రేకుతో. మళ్లీ పెరికేస్తారని తెలిశాక మంచి రేకు ఎవడు కొంటాడు?

మన దగ్గర ప్రజల్ని పిలిచిన పద్ధతుల్లో ముందు చెప్పుకోవాల్సింది శ్రమదానం. 1997 జనవరి 1న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జన్మభూమి కార్యక్రమానికి అదే ఊపిరి. ఊరు కూర్చుని పని ఎంచుకోవాలి, కొంత వాటా డబ్బుగానో శ్రమగానో పెట్టాలి, మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. బడి గదులు, సిమెంటు రోడ్లు చాలానే వచ్చాయి. ప్రజల వాటాను కాంట్రాక్టరే కట్టేసి బిల్లులో రాబట్టుకుంటున్నాడన్న విమర్శా అప్పుడే వచ్చింది. అంతకంటే నాకు ముఖ్యంగా తోచేది వేరొకటి. పని ఎంచుకునేటప్పుడు జనం కావాలి, పని పూర్తయ్యాక దాన్ని కాపాడే బాధ్యత ఎవరిదో రాసిపెట్టిన కాగితం ఉండదు. ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 2025 జనవరి 18న కడప జిల్లా మైదుకూరులో మొదలైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ప్రతి నెలా మూడో శనివారం ఊరంతా శుభ్రం చేయాలంది. చీపుర్లు, ఫొటోలు, ప్రతిజ్ఞ. నెలలో మిగతా రోజులు చెత్త ఎత్తేది మాత్రం పారిశుద్ధ్య కార్మికులే. బజారులో చెత్త ఎక్కడ పుడుతుందో, ఏ వేళకు ఎత్తితే కుక్కలు లాగవో వాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అయినా ఏ ‘భాగస్వాముల సమావేశం’లోనూ వాళ్లకు కుర్చీ వేసినట్టు కనబడదు.

శ్రమదానాన్ని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. చేతికి దుమ్మంటిన మనిషికి ఆ జాగా మీద కొంత మమకారం కలుగుతుంది. అడగాల్సిందల్లా ఒకటే: ఊడ్చడానికి పిలిచినవాళ్లను నిర్ణయానికి కూడా పిలుస్తారా? అమెరికాలో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆమె 1969లోనే ఈ సంగతి తేల్చింది. ప్రజల భాగస్వామ్యం అని చెప్పుకునేదాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా పేర్చి, కింది మెట్లలో జనాన్ని మభ్యపెట్టడం, నడిమి మెట్లలో సమాచారం ఇచ్చి అభిప్రాయం అడిగి ఊరుకోవడం, పై మెట్లలో అధికారం పంచుకోవడం ఉంటాయంది. మన కార్యక్రమాల్లో చాలావాటిని ఆ నిచ్చెనకు ఆనించి చూస్తే నడుము దాటి పైకి పోయినవి తక్కువ.

మరో పద్ధతి, ప్రభుత్వమే దగ్గరుండి చేయడం. దీన్ని ఎగతాళి చేయడం తేలిక. హైదరాబాద్‌లో మొజంజాహీ మార్కెట్‌ను చూసినవాళ్లు అంత తొందరపడరు. ఉస్మాన్ అలీఖాన్ రెండో కొడుకు పేరు మీద 1935లో గ్రానైట్‌తో కట్టిన మార్కెట్ అది. పండ్ల టోకు వ్యాపారం గడ్డిఅన్నారానికి తరలిపోయాక వన్నె తగ్గింది. రేకులు, బోర్డులు, వైర్లు రాతిని కప్పేశాయి. లోపలి ఆవరణ బండ్లు నిలబెట్టే జాగా అయింది. 2018లో పురపాలక శాఖ అధికారి అరవింద్ కుమార్ పర్యవేక్షణలో పని మొదలై, 2020 ఆగస్టు 14న మార్కెట్ మళ్లీ తెరుచుకుంది. రేకులు తీశారు, రాయి కడిగారు, గడియారం నడిచింది, ఆవరణ మనుషులకు దక్కింది. సాయంత్రం ఐస్‌క్రీం కప్పుతో అక్కడ నిలబడ్డవాళ్లకు ఈ లెక్కలేవీ అవసరం లేదు. మార్కెట్ బాగుంది, అంతే.

అయితే ఆ పద్ధతిని ఆలూరుకు తెచ్చుకోగలమా? ఒక ముఖ్య కార్యదర్శి స్థాయి అధికారి ఒక మార్కెట్‌ను భుజాన వేసుకుంటే అవుతుంది. రాష్ట్రంలో అలాంటి అధికారులు ఎందరు, పాత బజార్లు ఎన్ని? పైగా మొజంజాహీ మార్కెట్‌కు చరిత్ర ఉంది, గుమ్మటం ఉంది, ఫొటోకు ఒదుగుతుంది. 1980ల నాటి పంచాయతీ కాంప్లెక్సుకు పెచ్చులూడిన పైకప్పు తప్ప చూపించుకోవడానికేమీ ఉండదు. సికింద్రాబాద్‌లో చెత్తతో పూడిన బన్సీలాల్‌పేట మెట్లబావి 2022లో బాగుపడినప్పుడు కార్పొరేషన్‌తో పాటు స్వచ్ఛంద సంస్థలూ చేయి కలిపాయి. అక్కడా పాత కట్టడం ఆకర్షణే మనుషుల్ని లాగింది. వారసత్వం అనే పిలుపు లేని మామూలు బజారుకు వేరే దారి కావాలి. కొన్నిచోట్ల ఆ దారి పదవి వెంట వస్తుంది. కడప జిల్లాలో చూస్తే, 2022 డిసెంబరులో పులివెందులలో అప్పటి ముఖ్యమంత్రి చేతుల మీదుగా కొత్త బస్సు టెర్మినల్, మెగా షాపింగ్ కాంప్లెక్సు ప్రారంభమయ్యాయి. ముఖ్యమంత్రి సొంత నియోజకవర్గానికి వచ్చిన వరం పక్క నియోజకవర్గానికి రావాలని రూలేమీ లేదు. అది ఏ పార్టీ పాలనలోనైనా ఒకటే.

ప్రభుత్వం ఒంటిచేత్తో చేసే పనికి ఇంకో ముఖం ఆలూరుకు దగ్గర్లోనే ఉంది. హంపీ విరూపాక్ష గుడి ముందు బజారు వీధిలో విజయనగర కాలపు రాతి మండపాల్ని ఆనుకుని ఎన్నో కుటుంబాలు అంగళ్లు పెట్టుకుని, అక్కడే కాపురాలుండేవి. 2011 జూలై చివర కోర్టు ఆదేశాన్ని చూపించి వాటిని బుల్డోజర్లతో కూల్చారు. మండపాల్లో ఇటుక గోడలు కట్టడం సరైన పనని ఎవరూ అనరు. అయితే కొబ్బరికాయలు, పూలు, ఇడ్లీలు అమ్మే మనుషులు పోయాక అది వీధిగా మిగల్లేదు, ప్రదర్శన వస్తువయింది. బజారు నుంచి వ్యాపారుల్ని తీసేసి బజారును కాపాడామనడం ఎట్లా కుదురుతుందో నాకు బోధపడలేదు.

డబ్బు సంగతి తెలుగు పత్రికల్లో తక్కువ చర్చకు వస్తుంది. నా మట్టుకు కీలకం అక్కడే ఉంది. కెనడాలో టొరంటో నగరపు బ్లోర్ వెస్ట్ విలేజ్ అనే వీధి 1960ల చివర్లో ఇలాగే వాడిపోయింది. శివార్లలో కొత్త మాల్స్ వచ్చాయి, సబ్‌వే పొడిగించడంతో వీధి మీద నడిచే జనం నేలకిందికి పోయారు. అక్కడి అంగళ్లవాళ్లు ప్రభుత్వాన్ని ఏమడిగారో చూడండి: మా అందరి మీద కొంచెం అదనపు పన్ను వేయండి, వసూలు మీరే చేయండి, ఆ డబ్బు మా కమిటీకి ఇవ్వండి, మా వీధికే ఖర్చు పెట్టుకుంటాం. చందాలు అడిగితే కొందరు ఇస్తారు, కొందరు ఎగ్గొట్టి దీపాల వెలుగు మాత్రం అనుభవిస్తారు. పన్నయితే అందరూ కట్టాలి. 1970లో చట్టం దీనికి ఒప్పుకుంది. చెట్లు, బల్లలు, దీపాలు పెట్టుకున్నారు. ఆ వ్యవస్థే తర్వాత అమెరికా, బ్రిటన్‌లకు పాకింది. బ్రిటన్‌లో ఓటు పెట్టి, వ్యాపారుల సంఖ్యలోనూ వాళ్ల ఆస్తి విలువలోనూ మెజారిటీ ఒప్పుకుంటేనే ఐదేళ్లకు అమలు చేస్తారు. ఐదేళ్ల తర్వాత మళ్లీ ఓటు గెలవాలి.

ఇప్పుడు మన వైపు చూద్దాం. 2021లో ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో చెత్త సేకరణకు ఇళ్ల మీద, దుకాణాల మీద నెలవారీ రుసుము మొదలుపెట్టారు. జనం దానికి ‘చెత్త పన్ను’ అని పేరు పెట్టినప్పుడే దాని జాతకం తేలిపోయింది. 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. మనవాళ్లు పన్ను కట్టరు అని దీన్నుంచి తేల్చేస్తారు కొందరు. అదే మనుషులు అంగడి ముందు వినాయకుణ్ణి నిలబెట్టడానికి, ఎండాకాలం చలివేంద్రం పెట్టడానికి జేబులోంచి తీసి ఇస్తున్నారు. తేడా ఎక్కడుంది? చలివేంద్రం డబ్బు ఎటు పోయిందో కళ్ల ముందు కుండలో కనబడుతుంది. రుసుము ఎంతో, ఎందుకో, ఎవరు లెక్క చెబుతారో నిర్ణయించేటప్పుడు కట్టేవాడికి నోరు లేకపోతే వాడు దాన్ని జరిమానాగానే చూస్తాడు.

నిజానికి కొత్త పన్ను అక్కర్లేదు కూడా. బజారు ఇప్పటికే సంపాదిస్తోంది. గదుల వేలంలో డిపాజిట్, నెలనెలా అద్దె, లీజు పొడిగించినప్పుడల్లా పెంపు. నేల మీద గోనె పట్టా పరుచుకుని నాలుగు కట్టల ఆకుకూర పెట్టుకున్న ముసలమ్మ దగ్గర కూడా తైబజారు వేలం పాడుకున్న మనిషి చీటీ చింపి డబ్బు తీసుకుపోతాడు. ఆ చీటీకి బదులుగా ఆమెకు దక్కిందేమిటి? నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి లేదు. ఆ సొమ్ము పంచాయతీ సాధారణ నిధిలో కలిసిపోయి ఎక్కడో తేలుతుంది. బజారు ఆదాయంలో ఇంత భాగం బజారుకే అని పంచాయతీ తీర్మానం చేసి, ఆ భాగాన్ని ఖర్చుపెట్టే మాట అక్కడ కూర్చునేవాళ్లకూ ఇచ్చిన రోజు భాగస్వామ్యానికి అర్థం వస్తుంది. 1994 పంచాయతీరాజ్ చట్టం సంతలు నడిపే, రుసుము తీసుకునే అధికారం పంచాయతీకి ఇచ్చింది. ఆ అధికారంలోనే ఈ బాధ్యతా ఉందని గుర్తుచేయాలి. వసూలు వేలం పాడుకున్నవాడిది, ఊడ్చడం పంచాయతీది, ఎండ అమ్మేవాళ్లది అన్న పంపకం ఇంకెన్నాళ్లు?

కూర్చునేవాళ్లకూ అన్నాను. టొరంటో పద్ధతిలో ఉన్న లోటు సరిగ్గా అక్కడే. కమిటీలో ఆస్తిపరులు, అంగళ్లవాళ్లు ఉంటారు. తోపుడు బండివాడు వాళ్ల కంటికి పోటీదారు లేదా అడ్డంకి. మన బజారులో ఈ వైరం ఇంకా చిక్కగా ఉంటుంది, కానీ మనం అనుకున్నట్టు ఉండదు. బట్టల అంగడి యజమాని ఎదుట బండి పెట్టుకున్న మనిషి ఆయనకే రోజువారీ బాడుగ ఇస్తుంటాడు. ప్రభుత్వ జాగాకు ప్రైవేటు అద్దె. ఆక్రమణల గురించి సమావేశంలో గట్టిగా మాట్లాడేవాళ్లలో ఆ బాడుగ తీసుకునేవాళ్లు ఉండరనేమీ లేదు. అందుకే, వర్తక సంఘాన్ని పిలిచి మాట్లాడితే బజారుతో మాట్లాడినట్టే అనుకోవడం పొరపాటు.

దీనికి చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో కనీసం 40 శాతం వీధి వ్యాపారులే ఎన్నుకున్న ప్రతినిధులు, వాళ్లలో మూడోవంతు స్త్రీలు ఉండాలి. సర్వే చేసి ధ్రువపత్రం ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? అయితే ఆ చట్టం స్థానిక సంస్థ అన్నప్పుడు చెప్పింది నగరపాలక సంస్థ, పురపాలక సంఘం, నగర పంచాయతీ, కంటోన్మెంట్ లాంటివి. ఆదోని తోపుడు బండికి చట్టం గొడుగు ఉంది. గ్రామ పంచాయతీగా ఉండిపోయిన ఆలూరు బండి ఆ గొడుగు అంచున నిలబడి తడవాల్సిందే. ఇలాంటి ఊళ్లు రాష్ట్రమంతా ఉన్నాయి. పట్టణమయితే పన్నులు పెరుగుతాయి, ఉపాధి హామీ పనులు పోతాయి అని జనమే పంచాయతీగా ఉండనిమ్మంటారు. ఆ భయంలో న్యాయం ఉంది. అయినా బజారులో నేల మీద కూర్చునే మనిషికి అందువల్ల రక్షణ లేకుండా పోవడం ఎవరూ లెక్కలోకి తీసుకోని నష్టం.

ఇక కట్టే ముందు ఆడించి చూడటం అన్నది ఈ మధ్య వచ్చిన మంచి ఆలోచన. 2009లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బండ్లు ఆపి, చవకరకం మడత కుర్చీలు పరిచి ఏమవుతుందో చూశారు. జనం నిండిపోయారు, తర్వాతే పక్కాగా కట్టారు. అంత దూరం పోనక్కర్లేదు, చెన్నై పాండీబజార్ ఉంది. పానగల్ రాజా పేరుతో పార్కు ఉన్న, ఆంధ్రులు తరాలుగా మసలిన టీ నగర్ అది. అక్కడి వీధి వ్యాపారుల్ని 2013లో కార్పొరేషన్ ఒక బహుళ అంతస్తుల భవనంలోకి మార్చింది. నడిచిపోతూ ఆగి కొనే సరుకును మెట్లెక్కించి అమ్మమంటే బేరం ఎట్లా సాగుతుంది? ఆ తర్వాత రోడ్డును పాదచారులకు వెడల్పు చేసేటప్పుడు మాత్రం ముందు తాత్కాలికంగా వాహనాలు ఆపి ప్రయోగం చేశారు. దుకాణదారులు పార్కింగ్ పోతే బేరం పోతుందని మొత్తుకున్నారు. 2019 నవంబరులో ప్లాజా తెరిచారు. బెంగళూరు గాంధీ బజార్‌లోనూ ఇదే పార్కింగ్ రగడ నడిచింది. బండి నా అంగడి ముందే ఆగాలి అన్నది వ్యాపారుల మూఢనమ్మకాల్లో గట్టిది. వాదించి దాన్ని వదిలించలేం. నాలుగు వారాలు గల్లాపెట్టెలో లెక్క చూసుకోనిస్తే కొంత వదులుతుంది.

ఆలూరులో అలాంటి ప్రయోగానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఏప్రిల్, మే నెలల్లో నలభై రెండు, నలభై మూడు డిగ్రీల ఎండలో మధ్యాహ్నం రెండు గంటలకు ఏ బజారుకైనా పోయి మనుషులు ఎక్కడ నిలబడ్డారో చూడండి. వంకర గీత లాగా నీడ ఎట్లా పోతే మనుషులు అట్లా ఉంటారు. కరెంటు స్తంభం సన్నటి నీడలో కూడా ఒకరి వెనక ఒకరు నిలబడతారు. విలియం వైట్ అనే ఆయన న్యూయార్క్ కూడళ్లలో కెమెరాలు పెట్టి కొన్నేళ్లు గమనించి, కూర్చునే వీలున్న చోటే జనం కూర్చుంటారని 1980లో పుస్తకం రాశాడు. మన రచ్చకట్ట కట్టినవాళ్లకు ఆ పరిశోధన అవసరం పడలేదు. వేపచెట్టు చుట్టూ నడుమెత్తు కట్ట, పైన నున్నటి బండలు. కర్నూలు, కడప జిల్లాల్లో బేతంచెర్ల బండకు, కడప రాయికి కొదవ లేదు. అవే కాలువ మీద కప్పులు, అవే కూర్చునే అరుగులు. మరి సుందరీకరణ పేరుతో వచ్చేది ఏమిటి? నడిమధ్యలో కోనోకార్పస్ చెట్ల వరస, ఐ లవ్ ఫలానా ఊరు అనే దీపాల అక్షరాలు, స్టీలు కడ్డీల బెంచీ. మే నెలలో ఆ బెంచీ మీద కూర్చోవాలని ఎవరికైనా బుద్ధి పుడుతుందా?

మరుగుదొడ్డి సంగతి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. పల్లె నుంచి పొద్దున బస్సెక్కి వచ్చిన ఆడమనిషి పింఛను పనో, బ్యాంకు పనో, ఆసుపత్రి పనో చూసుకుని సాయంత్రం తిరిగి పోయేదాకా నీళ్లు తాగకుండా గడుపుతుంది. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. బజారు బాగుకు ఏం కావాలని వర్తకుల్ని అడిగితే పార్కింగ్, సీసీ కెమెరాలు, ఆర్చి అంటారు. ఆమెను అడిగితే ఒక్కటే అంటుంది. ఎవర్ని అడిగామన్న దాన్ని బట్టి జవాబు తేలుతుంది కాబట్టి అడిగే చోటు, వేళ ముఖ్యం. సాయంత్రం ఏడు గంటలకు పంచాయతీ ఆఫీసులో మీటింగ్ పెడితే ఆమె ఊరి బస్సు వెళ్లిపోయి ఉంటుంది. పగలు బస్టాండులో బల్ల వేసుకుని కూర్చుంటే దొరుకుతుంది. నిధుల సాకు చెప్పడానికి వీల్లేదు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టుబడి ఉండేవి. కట్టడం ఒక ఎత్తు, తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది ఒక ఎత్తు. పొదుపు సంఘానికి నిర్వహణ ఇచ్చి, బజారు ఆదాయంలోంచి జీతం కడితే నడుస్తుంది. రెండు రూపాయల వసూలు మీదే బతకమంటే ఆరు నెలల్లో తాళం పడుతుంది.

వేదిక కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ పనులు ఆ రోజు ముఖ్యాంశం. ఆలూరు లాంటి చోట గ్రామసభకు ఒక ఇబ్బంది ఉంది. అందులో ఓటున్నది ఆ ఊరివాళ్లకు. బజారు వాడుకునేదేమో చుట్టూ ఉన్న పల్లెలవాళ్లు. చిప్పగిరి మనిషికి ఆలూరు గ్రామసభలో ఏం పని? అందుకని గ్రామసభ కింద బజారుకంటూ వేరే ఉపసంఘం వేసి, గదులవాళ్లు, నేల మీద అమ్ముకునేవాళ్లు, హమాలీలు, ఆటోవాళ్లు, పారిశుద్ధ్య కార్మికులతో పాటు పక్క మండలాల పొదుపు సంఘాల నుంచి ఇద్దరిని కూర్చోబెట్టడం మేలు. ఆర్టీసీ, రహదారులవాళ్లు కూడా ఆ బల్ల ముందుకే రావాలి. ఒక్కో ఆఫీసు చుట్టూ అర్జీ పట్టుకుని తిరిగేది ఊరివాళ్లే అయితే దాన్ని భాగస్వామ్యం అనలేం.

అమెరికాలో న్యూజెర్సీ ఓక్‌ట్రీ రోడ్డు కథ వింటే, ఏ కమిటీ లేకపోయినా బజారు బతుకుతుందనిపిస్తుంది. వెలవెలబోతున్న ఆ శివారు వీధి అంగళ్లను 1980ల చివర్నుంచి భారతీయులు తీసుకుని చీరలు, నగలు, దోసెలతో నింపేశారు. చుట్టుపక్కల తెలుగువాళ్లకు ఇప్పుడది సంత. వ్యాపారం తిరిగి వచ్చింది నిజమే. దాంతోపాటు అద్దెలూ పెరుగుతాయి, పార్కింగ్ పోట్లాటలూ వస్తాయి. వీధి బాగుపడితే మొదట లాభపడేది ఆస్తి ఉన్నవాడు, మొదట ఖాళీ చేసేది అద్దెకున్నవాడు. మన పంచాయతీ గదుల్లో ఇది ఇంకో రూపంలో వస్తుంది. వేలంలో గది పాడుకున్న పేరు ఒకరిది, లోపల మిషను కుట్టేది ఇంకొకరు. పైకప్పు బాగుచేసి, ముందు బండలు పరిచి, దీపాలు పెట్టగానే పేరున్నవాడు ఉన్నవాడికి బాడుగ పెంచుతాడు.

జపాన్‌లో తకమత్సు నగరపు మరుగమే బజారు ఈ ముడిని విప్పిన తీరు వినదగ్గది. భూముల యజమానులు అమ్ముకోకుండా, అరవై ఏళ్ల లీజు మీద వాడుకునే హక్కును ఉమ్మడి సంస్థకు ఇచ్చారు. ఏ అంగడి ఎక్కడుండాలో, పైన ఇళ్లెన్ని ఉండాలో ఆ సంస్థ నిర్ణయించింది. 2006లో మొదటి భాగం పూర్తయింది. అక్కడ యజమానులు అనేకమంది, వాళ్లను ఒప్పించడానికే ఏళ్లు పట్టింది. ఆలూరులాంటి చోట గదులన్నిటికీ యజమాని పంచాయతీ ఒక్కటే. జపాన్‌వాళ్లకు దొరకని సౌకర్యం ఇది. బాగుచేసే పనికి తీర్మానం రాసేటప్పుడే, ఇప్పుడు గదిలో నిజంగా వ్యాపారం చేస్తున్నవాళ్ల పేర్లు నమోదు చేసి, ఇన్నేళ్ల దాకా బాడుగ ఇంతకు మించదని అందులోనే రాయవచ్చు. బినామీ పేర్లున్నవాళ్లు గ్రామసభలో గొడవ చేస్తారు. చేయనివ్వండి, అంగడి ఎవరిదో అందరి ఎదుటా తేలుతుంది.